ఎనిమిదో తరగతి తరువాత ప్రైవేటు బడికి మార్చవచ్చా?

మీ అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది, తొమ్మిదిలో ప్రైవేటుకు మార్చాలా అని అడిగారు. మార్చవచ్చు. కానీ ముందు ఒక విషయం చూసుకోండి.

ఎనిమిదో తరగతిలోనే ఎన్‌ఎంఎంఎస్ అనే జాతీయ ఉపకారవేతన పరీక్ష ఉంటుంది. అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయల ఉపకారవేతనం వస్తుంది. అయితే ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల్లో చదివేవారికే అది. ప్రైవేటుకు వెళితే ఆగిపోతుంది. పది తరువాత చేరే ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఇచ్చే అదనపు వెయిటేజీ కూడా పోతుంది. ఫీజు గురించి అందరూ లెక్క వేస్తారు, వీటిని మాత్రం మరిచిపోతారు.

రాష్ట్ర సిలబస్ బడి అయితే పాఠాలు అవే. ఇబ్బంది అంతా భాషతోనే. ప్రభుత్వ బడి పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. తెలుగు పేజీని చేత్తో మూసి, భౌతికశాస్త్రంలో ఒక పేరా చదివించి, అర్థమైంది చెప్పమనండి. చెప్పగలిగితే భయం లేదు. తడబడితే వేసవి రెండు నెలలూ ఆ పని మీదే ఉండండి.

పదో తరగతిలో మాత్రం మార్చకండి. చాలా ప్రైవేటు బళ్లు తొమ్మిదిలోనే పదో తరగతి పాఠాలు మొదలుపెడతాయి. కొత్తగా చేరిన పిల్ల మధ్యలో చిక్కుకుపోతుంది. నిర్ణయించే ముందు అమ్మాయినీ అడగండి. ఆ బడిలో ఆరు గంటలు కూర్చునేది తనే.