సినిమా అయ్యాక ఎవరూ మాట్లాడకపోతే

అన్నా, కడపలో పది మంది కూర్చుని సత్యజిత్ రాయ్ బెంగాలీ సినిమా ‘పథేర్ పాంచాలి’ (1955) చూశాక ఒక్కరూ నోరు విప్పలేదన్నారు కదా. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ దగ్గరే ఆగిపోతారు. ఒక్క సీన్ పట్టుకోండి. రెల్లుగడ్డిలో అక్కాతమ్ముళ్లు దుర్గ, అపు రైలు చూసే చోటు మళ్లీ వేయండి. రైలు రాకముందు దుర్గ స్తంభానికి చెవి ఆనించి వింటుంది. ఏం వింటోందని అడగండి. మా అనంతపురంలో ఆ ప్రశ్నకే, గుంతకల్లులో రైలుపట్టాల పక్కన పెరిగిన ఒకాయన అరగంట మాట్లాడాడు. ఆ రోజు నాకు కళ్లు చెమర్చాయి.

సబ్‌టైటిల్స్ అందుకోలేనివాళ్లుంటే, బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ తెలుగులోనే తీసిన ‘ఒక ఊరి కథ’ (1977) పెట్టండి. హిందీ రచయిత ప్రేమ్‌చంద్ కథ ‘కఫన్’ ఆధారంగా తీసింది. టీ మాత్రం సినిమా అయ్యాకే ఇవ్వండి, కూర్చుంటారు.