ఏ బాధా లేని పిల్లకు నులిపురుగుల మాత్ర అవసరమా?

మూడో తరగతి చదివే మీ పాపకు కడుపునొప్పి గానీ నీరసం గానీ లేదని, అయినా బడిలో నులిపురుగుల మాత్ర వేస్తామంటున్నారని, వేయించాలా వద్దా అని అడిగారు. తప్పక వేయించండి. గద్వాల ప్రాంతంలోని ప్రభుత్వ పాఠశాలల్లో చాలాకాలం పనిచేసిన ఉపాధ్యాయుడిగా చెబుతున్నాను: కడుపులో పురుగులున్న పిల్లల్లో ఎక్కువమంది పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు. అందుకే ఒక్కొక్కరికీ మలపరీక్ష చేయించే పని పెట్టుకోకుండా 1 నుంచి 19 ఏళ్ల లోపు వారందరికీ మాత్ర ఇస్తారు.

ఒక ఆగస్టులో మా బడిలో మాత్ర వేసుకున్న కాసేపటికి నాలుగో తరగతి పిల్లవాడొకడు వాంతి చేసుకోగా, అందులో జానెడు పొడవున ఏలికపాము కదులుతూ బయటపడింది. మందు వికటించిందన్న మాట క్షణాల్లో ఊరంతా పాకి, తల్లులు శాపనార్థాలు పెడుతూ బడి ముందు గుమిగూడారు. ఏఎన్ఎం ఎంత నచ్చజెప్పినా ఎవరూ వినలేదు. గొర్రెలు కాసే ఆ పిల్లవాడి తాత వచ్చి, "గొర్లకు నట్టల మందు తాపితే నట్టలు పడ్తయా లేదా? పడ్డయంటే మందు పన్జేసినట్టే గదా!" అని కసిరిన తరువాతే వారు శాంతించారు. అయినా మిగిలిన తరగతులకు ఆ రోజు మాత్ర వేయనివ్వలేదు. మరునాడు పత్రికలో వాంతి సంగతే వచ్చింది గానీ పురుగు సంగతి రాలేదు.

మీ పాప వయసుకు 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర ఒకటి చాలు, నమిలి మింగించాలి. జ్వరంగా ఉంటే ఆగి, తరువాత వేయించండి. ఉన్న పురుగులను చంపడమే ఆ మాత్ర పని. కొత్తవి చేరకుండా అది ఆపలేదు కనుక ఆరు నెలలకు మళ్లీ వేయించాలి.

అసలు నా ఫిర్యాదు వేరే ఉంది. బడుల్లో ఈ మాత్ర వేసే ఆగస్టు 10 నాటికి మా వైపు పత్తి విత్తనాల చేలలో క్రాసింగు పనులు, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పనులు సాగుతుంటాయి. మలవిసర్జనకూ వాడుకునే ఆ తడి నేలలో వట్టికాళ్లతో తిరిగే పిల్లలకే, చర్మంలోంచి దూరి పేగులో రక్తం పీల్చే కొంకిపురుగు బెడద ఎక్కువ. ఆ రోజు బడికి రానిదీ వారే. తప్పిపోయిన వారికి 17న మళ్లీ వేస్తారు గానీ అప్పటికీ వారు చేలలోనే ఉంటారు. మాత్రలను పొద్దున్నే చేను గట్టుకే తీసుకుపోదామని నేను ఒక సమీక్షా సమావేశంలో అడిగితే, హాజరుపట్టీలో పేర్లున్న పిల్లలకు బడిలోనే ఇవ్వాలని సమాధానం వచ్చింది.