పోస్ట్‌మార్టం టాక్సికాలజీ చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది ఆదోని. మా అమ్మాయి కర్నూలులో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. పోస్ట్‌మార్టం కేసుల్లో మందులు, విషాలు పరీక్షించే ఫోరెన్సిక్ టాక్సికాలజీలోకి వెళ్తానంటోంది. శాంపిల్ పెడితే మిషనే రిపోర్ట్ ఇస్తుంది కదా, ఇక మనిషికి పనేముంటుంది? రేపు ఉద్యోగం దొరుకుతుందా అని మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఏ మందు ఉంది, ఎంత ఉంది అన్నంతవరకే మిషన్ చెబుతుంది. ఆ మనిషి దానివల్లే చనిపోయాడా అంటే దానికి తెలియదు. మీ అమ్మాయి చేయాల్సిన పని అక్కడ ఉంది.

డిప్రెషన్‌కో, నరాల నొప్పికో ఏళ్లుగా అమిట్రిప్టిలిన్ వాడుతున్న ఒక పెద్దాయన నిద్రలో చనిపోయారనుకోండి. గుండె నుంచి తీసిన రక్తంలో ఆ మందు చాలా ఎక్కువగా కనిపించింది. మాత్రలన్నీ ఒకేసారి మింగేశారని రాసేయడం తేలిక. కానీ ఈ మందు బతికుండగానే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, గుండె కండరంలో పేరుకుని ఉంటుంది. ప్రాణం పోయాక మెల్లగా పక్కనున్న రక్తంలోకి దిగుతుంది. దీన్ని పోస్ట్‌మార్టం రీడిస్ట్రిబ్యూషన్ అంటారు. డిగాక్సిన్ అనే గుండె మందుతోనూ ఇదే చిక్కు. అందుకే తొడ దగ్గరి సిరను పైన కట్టేసి, కింది నుంచి రక్తం తీయమంటారు. గుండె రక్తంలో ఎంత, తొడ రక్తంలో ఎంత, కాలేయంలో ఎంత ఉంది, కడుపులో మాత్రల అవశేషాలు ఉన్నాయా, ఇంట్లో స్ట్రిప్‌లో ఎన్ని మిగిలాయి... ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడకుండా మాట అనకూడదు. పుస్తకాల్లోని ప్రమాదస్థాయి పట్టికలు చాలావరకు బతికున్నవాళ్ల ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) లెక్కలు. వాటిని నేరుగా తెచ్చి శవం రక్తానికి అంటగడితే ఏ పాపం ఎరుగని ఇంటిమీద ఆత్మహత్య ముద్ర పడుతుంది. ఇన్సూరెన్స్ తిప్పలు ఒక ఎత్తు, ఊళ్లో ఆ మాట మోయడం ఇంకో ఎత్తు.

ఆల్కహాల్ సంగతీ చూడండి. మన సీమ ఎండలకు శవం త్వరగా కుళ్లుతుంది. అప్పుడు సూక్ష్మజీవులు ఒంట్లోని చక్కెర నుంచి ఆల్కహాల్ తయారుచేస్తాయి. చుక్క ముట్టని మనిషి రక్తంలోనూ అది కనబడవచ్చు. కంటి లోపలి విట్రియస్ ద్రవం అంత త్వరగా చెడదు కాబట్టి దాన్నీ పరీక్షించి పోల్చుతారు. రక్తం సీసాలో సోడియం ఫ్లోరైడ్ వేసేదీ ఈ గొడవ లేకుండా ఉండటానికే. విసెరాను, అంటే కాలేయం, కడుపు లాంటి లోపలి అవయవాల ముక్కలను, చిక్కటి ఉప్పు ద్రావణంలో పంపేటప్పుడు, ఆ ద్రావణాన్నే కొంచెం వేరే సీసాలో పోసి పంపాలి. అందులోనే ఏదైనా కలిసి ఉందేమో తేలాలి కదా.

ఇక ఒక విషయం దాచకుండా చెబుతాను. మన దగ్గర ల్యాబ్‌లో కెమిస్ట్ రిపోర్ట్ ఇస్తారు, మరణ కారణంపై తుది అభిప్రాయం రాసేది పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్. ఆ సంతకం తానే పెట్టాలన్నది మీ అమ్మాయి కోరికైతే ఎంబీబీఎస్, తర్వాత ఎండీ ఫోరెన్సిక్ మెడిసిన్ చేయాలి. ఇప్పుడు నీట్ వైపు మళ్లించమని మాత్రం నేననను. ఈ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో డాక్టర్‌కు, కోర్టులో లాయర్‌కు విడమరిచి చెప్పగల కెమిస్ట్ మనకు చాలా అవసరం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం ఫోరెన్సిక్ సాక్ష్యానికి ప్రాధాన్యం పెంచింది కూడా.

అయితే ప్రభుత్వ ల్యాబ్ నోటిఫికేషన్లు ఏటా రావు. అందుకని ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీయే నా మొదటి ఎంపిక. శాంపిల్‌లోని పదార్థాలను విడదీసి గుర్తించే ఎల్‌సీ-ఎంఎస్, జీసీ-ఎంఎస్ మిషన్ల మీద చేయి తిరిగితే, నోటిఫికేషన్ వచ్చేదాకా హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లో పని దొరుకుతుంది. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ప్రవేశపరీక్ష కూడా రాయించండి, సీటొస్తే పంపండి.

ఈలోగా ఫార్మకాలజీ మొదలుపెట్టమనండి. మందు ఒంట్లో ఎక్కడెక్కడికి చేరుతుంది, ఎలా విరుగుతుంది, ఎంతసేపు ఉంటుంది అనే భాగాలు ముందు చదవాలి. బీఎస్సీ కెమిస్ట్రీలో ఇవి పెద్దగా ఉండవు. తర్వాత కర్నూలు మెడికల్ కాలేజీ ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగంలో అడిగి, వీలైతే అక్కడివాళ్లతో ఒకసారి మాట్లాడించండి. ఫీజు కట్టే ముందే ఆ పని జరగాలి.