సున్నపు గోడకి సిమెంటు పూస్తే

ప్రశ్న: విజయవాడలో సైట్ ఇంజినీరుని. గుంటూరులో మా తాతగారి నాటి డంగు సున్నం ఇల్లు ఉంది. గోడలకి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాక కింద మూడడుగుల మేర పెచ్చులూడి తెల్లటి ఉప్పు పొంగుతోంది. కొట్టేసి వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూయించనా?

జవాబు: వద్దండి. పునాదిలోంచి ఎక్కిన చెమ్మ సున్నంలోంచి ఆరిపోతుంది, సిమెంటు దాన్ని ఆరనివ్వదు. లోపలే నిలిచిన ఉప్పు గట్టిపడి పూతని బయటికి నెడుతుంది. వాటర్‌ప్రూఫ్ వేస్తే చెమ్మ ఇంకా పైకెక్కుతుంది, అంతే.

ముందు గోడ పక్కన నీళ్లు నిలవకుండా చూడండి. చెమ్మ గీతకి పైన మరో అడుగున్నర దాకా సిమెంటుని ఉలితో, చిన్న సుత్తితో తీయించండి. బ్రేకర్ మెషీన్ పెడితే పాత ఇటుక అంచులు రాలిపోతాయి. ఉప్పుని పొడి బ్రష్‌తోనే దులపండి. కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది.

పిడుగురాళ్ల సున్నం దగ్గరే దొరుకుతుంది. తొట్టిలో నీళ్లు పోసి అందులో బట్టీలో కాల్చిన సున్నపురాయి కొద్దికొద్దిగా వేయాలి, కళ్లద్దాలు తప్పనిసరి. కనీసం మూడు వారాలు నానాలి. తొందరపడితే ఉడకని పలుకులు గోడమీద ఉబ్బి పొక్కులు లేస్తాయి. మేస్త్రీలు గొడవ పెట్టేదీ ఇక్కడే, లొంగకండి. ముద్ద ఒక పాలు, కడిగిన ఇసుక రెండున్నర పాళ్లు. గోడ తడిపి, ఒక్కో పూత 10 మి.మీ. మించకుండా వేయించండి. వారం పది రోజులు తడి గోనెపట్టాలు కప్పాలి. మన ఎండల్లో ఈ పని మేలో పెట్టుకోకండి. పైన వెల్లే వేయండి, ఎమల్షన్ కాదు.