కోనసీమ చప్పుళ్లతో గేమ్‌లకు సంగీతం: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న ఇదీ: అంబాజీపేట దగ్గర పల్లెలో ఉంటూ ఫోన్‌తో చుట్టుపక్కల చప్పుళ్లు రికార్డు చేసి, రీపర్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో ఎలక్ట్రానిక్ ట్రాకులు కడుతున్నారు. రెండు వందల దాకా రికార్డింగులు పోగయ్యాయి. ట్రాకు కట్టేసరికి అంతా ముద్దగా వినిపిస్తోంది. ఎప్పటికైనా గేమ్‌లకు సంగీతం చేయాలని ఉంది. ఏం కొనాలి, ఏం నేర్చుకోవాలి?

కొనడం సంగతి తర్వాత చూద్దామండి. ముందు ఆ రెండు వందలూ పక్కన పెట్టి ఒక్క చప్పుడు తీసుకోండి. చప్పుళ్ల గుట్ట ఎంత పెరిగినా దానంతట అది సంగీతం అవ్వదు. ఒక చప్పుడుని కీబోర్డు మీద వాయించగలిగే వాయిద్యంగా తయారుచేసుకున్నాకే అసలు పని మొదలవుతుంది. 1948లో పారిస్ రేడియోలో ఫ్రెంచ్ సంగీతకారుడు పియర్ షాఫెర్ రైళ్ల చప్పుడుతో పని మొదలుపెట్టినప్పుడు ఆయనకున్నవి డిస్కు రికార్డింగులు, టర్న్‌టేబుళ్లే. మీ ల్యాప్‌టాప్‌లో అంతకు ఎన్నో రెట్లు సరుకుంది.

ముద్దకి కారణాలు రెండు. ఒకటి, ఫోన్ రికార్డర్ తనంతట తను గెయిన్ (చప్పుడుని పెంచే మోతాదు) పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. కొబ్బరి చిప్ప మీద కొట్టిన దెబ్బకి గెయిన్ పడిపోతుంది, వెంటనే పైకి లేచి వెనకాల ఫ్యాను రొదని ముందుకు తోస్తుంది. ఆటో గెయిన్, నాయిస్ సప్రెషన్ రెండూ ఆపే వీలున్న యాప్ పెట్టుకుని, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైల్‌గా, అతి పెద్ద దెబ్బ మైనస్ 12 డీబీ దాటకుండా రికార్డు చేయండి. రెండోది, ప్రతి రికార్డింగు అడుగునా కనపడని గుమ్ము ఉంటుంది: గాలి, దూరంగా పోతున్న లారీ, 50 హెర్ట్జ్ కరెంటు హమ్. పది పొరలు పెడితే ఆ గుమ్ము పది రెట్లు పేరుకుంటుంది. బేస్ వాయించే ఒక్క పొర తప్ప మిగతా అన్నిటికీ 120 నుంచి 150 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (ఆ హద్దుకి కింద ఉన్నదాన్ని కోసేసేది) పెట్టండి. అప్పటికీ బరువుగా ఉంటే 250, 400 హెర్ట్జ్ మధ్య మూడు డీబీ తగ్గించి చూడండి. సగం ముద్ద అక్కడే విడిపోతుంది.

ఇక డబ్బు పెట్టాలంటే నేను ముందు పెట్టేది మైకు మీద కాదు, 27 మిల్లీమీటర్ల పియెజో బిళ్ల (కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చేది) మీద. ఎలక్ట్రానిక్స్ షాపులో ఇరవై రూపాయల లోపే దొరుకుతుంది. దాంతో కాంటాక్ట్ మైకు చేసుకోవచ్చు: అది గాలిలోని చప్పుడు వినదు, తగిలించిన వస్తువులోని కంపనాన్నే వింటుంది. షీల్డ్ ఉన్న వైరు వాడండి. లోపలి తీగ తెల్లటి భాగానికి, షీల్డ్ ఇత్తడి అంచుకి టంకం పెట్టాలి. తెల్లటి భాగం మీద టంకం పెట్టే వేడి ఇనుముని రెండు సెకన్లకు మించి ఉంచితే వెండి పూత లేచిపోతుంది, ఇక ఆ బిళ్ల పనికిరాదు. ఇత్తడిని ముందు గరుకు కాగితంతో రుద్దితే టంకం పట్టుకుంటుంది.

చాలామంది ఇక్కడే నిరాశపడతారు, డబ్బాలో మాట్లాడినట్టు పల్చగా వచ్చిందని. లోపం బిళ్లది కాదండి. ఆ బిళ్ల దాదాపు 20 నానోఫారడ్ల కెపాసిటర్‌లాంటిది. 10 కిలోఓమ్‌ల నిరోధమున్న ఇన్‌పుట్‌కి తగిలిస్తే సుమారు 800 హెర్ట్జ్‌కి కింద ఉన్నదంతా క్షీణిస్తుంది. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైకునీ గిటార్‌నీ కంప్యూటర్‌కి కలిపే పెట్టెలో) గిటార్ కోసం ఇచ్చే 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌కి తగిలిస్తే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కి దిగుతుంది, బేస్ మొత్తం వస్తుంది. ఫోన్ జాక్‌కి నేరుగా పెట్టకండి.

ఈ బిళ్లతో మీ చుట్టూ ఉన్నది వేరే లోకంలా వినిపిస్తుంది. సఖినేటిపల్లి నుంచి నరసాపురం దాటే పంటు మీద ఇనుప కమ్మీకి దాన్ని బట్టల క్లిప్పుతో బిగిస్తే (పంటు వాళ్లని అడిగే చేయండి) ఇంజను చప్పుడు చాలావరకు నిలకడైన స్వరంలా వస్తుంది. అందులోంచి అర సెకను కోసి, రెండు కొసలూ 50 మిల్లీసెకన్లు క్రాస్‌ఫేడ్ చేస్తే (ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరిగేలా కలిపితే) వాయించుకోదగ్గ బేస్ దొరుకుతుంది. సొట్ట పడిన రేకు తలుపు, డీజిల్ మోటారు పైపు, కొబ్బరికాయ వలిచే గునపం, అన్నీ ప్రయత్నించదగ్గవే.

రొయ్యల చెరువుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రొయ్యలు మేత కొరికేటప్పుడు నీళ్లలో సన్నటి చిటపటలు వస్తాయి. ఆ చప్పుడు విని మేత వదిలే ఆటోమేటిక్ ఫీడర్లు కూడా ఉన్నాయి. పియెజో బిళ్లని, టంకం పెట్టిన చోటుతో సహా, ఎపాక్సీతో పూర్తిగా మూసి, ఒక రోజు ఆరనిచ్చి, బకెట్ నీళ్లలో పరీక్షించండి. నీరు దిగితే పెద్ద హమ్ వస్తుంది. తర్వాత ఏరియేటర్లు (చెరువు నీటికి గాలి పట్టించే యంత్రాలు) ఆగి ఉన్న వేళ, రైతుని అడిగి, గట్టు మీద నుంచే చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) పక్కన దించండి. ఏరియేటర్లకు కరెంటు ఉంటుంది కాబట్టి మీరు నీళ్లలోకి దిగవద్దు, ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీదే నడపండి. ఒక చెరువులో ముంచిన మైకుని బ్లీచింగ్ నీళ్లలో కడిగి ఆరబెట్టకుండా ఇంకో చెరువులో పెట్టకూడదు. వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు తెచ్చిపెట్టామన్న మాట రైతు దగ్గర పడకూడదండి.

గాలి మైకుతో తీయాల్సిన చప్పుడొకటి చెబుతాను: ఆత్రేయపురం పూతరేకు. బెల్లం, నెయ్యి వేయని ఒట్టి రేకు తీసుకోండి. రాత్రి ఫ్యాను, ఫ్రిజ్ ఆపి, మైకుకి ఐదు సెంటీమీటర్ల దూరంలో రేకుని ఒక అంచు నుంచి నెమ్మదిగా మడవండి. మొదట ఒక సన్నటి చిట్లు, ఆ తర్వాత వరసగా పొడి పొడి పగుళ్లు. మీ ఊపిరి తగిలినా రేకు మెత్తబడిపోతుంది, కాబట్టి ఒక్కో టేక్‌కి కొత్త రేకు. ఒక్కో పగులూ విడిగా కోస్తే డ్రమ్ మెషీన్ హై హ్యాట్ కన్నా బతికున్న హై హ్యాట్ అవుతుంది. అదే రికార్డింగుని అడాసిటీ అనే ఎడిటర్‌లో పాల్‌స్ట్రెచ్ ఎఫెక్ట్‌తో ఎనిమిది రెట్లు సాగదీస్తే వాన దూరంగా వస్తున్నట్టుండే పొర వస్తుంది.

వాయిద్యం చేయడానికి కొబ్బరి చిప్ప మంచి మొదలు. మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా మూడు బలాల్లో ఒక్కోటి ఐదేసి దెబ్బలు, మొత్తం పదిహేను. ఒకే దెబ్బ రికార్డింగు పదేపదే మోగితే చెవి వెంటనే పట్టేస్తుంది, అందుకే ఐదు. ప్రతి ఫైల్‌లోనూ దెబ్బకి ముందున్న నిశ్శబ్దాన్ని పూర్తిగా కోసేయాలి. పది మిల్లీసెకన్లు మిగిలినా తాళం వెనకబడినట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో చూపే గ్రాఫులో) అతి ఎత్తైన శిఖరం ఎక్కడుందో చూడండి. 620 హెర్ట్జ్ దగ్గర ఉంటే అది డీ షార్ప్, 622.25కి కొద్దిగా కింద. ఆరు సెంట్లు (పక్క మీటకి ఉన్న దూరం ఒక సెమీటోన్, అందులో నూరో వంతు ఒక సెంటు) పెంచితే శ్రుతిలో పడుతుంది. రీపర్‌లోనే ఉండే రీశాంపులోమాటిక్ అనే శాంప్లర్‌లో ఆ మీటకి కట్టి అటూ ఇటూ నాలుగైదు సెమీటోన్లకే పరిమితం చేయండి. ఇంకా సాగదీస్తే చిప్ప పరిమాణమే మారిపోయినట్టు బొమ్మ చప్పుడు వస్తుంది. కింది స్వరాలకి పెద్ద చిప్ప తీసుకోండి, లేదా చిప్పలో నీళ్లు పోయండి. జలతరంగంలోలాగే స్థాయి దిగుతుంది.

రివర్బ్ (గదిలో చప్పుడు మారుమోగడం) కూడా మీ ఊరిదే పెట్టుకోవచ్చు. ఖాళీ ధాన్యం గోడౌనులో ఒక మూల బెలూను పేల్చి, ఇంకో మూల నుంచి రికార్డు చేసి, ఆ ఫైల్‌ని రీపర్‌లోని రీవెర్బ్ ప్లగిన్‌లో వేస్తే చిప్ప ఆ గోడౌనులోనే మోగుతుంది.

ఇప్పుడు గేమ్ సంగతి. పాటకి మొదలూ చివరా ఉంటాయి, గేమ్ ట్రాకుకి ఉండవు. ఆటగాడు ఒకే చోట ఇరవై నిమిషాలు ఆగిపోవచ్చు. అందుకని ఒక్కో సన్నివేశానికి ఒకే పొడవున్న పొరలు విడిగా ఇవ్వాలి: నడక పొర, ప్రమాదం పొర, గెలిస్తే రెండు సెకన్ల చిన్న ముక్క. ప్రమాదం రాగానే ఆ పొర శబ్దం పెరుగుతుంది, మిగతాది ఆగకుండా సాగుతుంది. పొడవు ఒక్క శాంపిల్ (సెకనుకి తీసే 48,000 కొలతల్లో ఒకటి) కూడా తేడా లేకుండా సరిపోవాలి. 48 కిలోహెర్ట్జ్‌లో 90, 96, 100, 120 బీపీఎం (నిమిషానికి బీట్లు) వేగాలకి ఒక్కో బీటూ పూర్ణ సంఖ్యలో వస్తుంది. 90కి 32,000 శాంపిళ్లు, అంటే ఎనిమిది బార్లకి (బారుకి నాలుగు బీట్లు) 10,24,000. 110 పెడితే బీటుకి 26,181.8 వస్తుంది. రెండు బార్ల పొర, ఎనిమిది బార్ల పొర పొడవులు వేర్వేరుగా పూర్ణ సంఖ్యకి సర్దుకుని, తిరిగేకొద్దీ ఒకదాని నుంచి ఒకటి జారిపోతాయి.

లూప్ కొస దగ్గర రివర్బ్ టప్పున తెగిపోవడం కొత్తవాళ్ల డెమోల్లో అందరికీ వినపడే తప్పు. లూప్‌ని రెండుసార్లు పక్కపక్కన పెట్టి, మొత్తం రెండర్ చేసి (ఒకే ఫైల్‌గా తీసి), రెండో సగం మాత్రమే కోసుకోండి. మొదటి సగం తోక రెండోదాని తలలో కలిసిపోయి ఉంటుంది. ఎంపీ3గా పంపవద్దు, ఎన్‌కోడర్ ముందూ వెనకా నిశ్శబ్దం చేరుస్తుంది, లూప్ గతుక్కుమంటుంది. వేవ్ లేదా ఆగ్ వోర్బిస్ ఇవ్వండి. పూతరేకు పగుళ్లలాంటివి లూప్‌లోనే కలిపేయకండి. అదే పగులు అదే చోట ఇరవయ్యోసారి వినపడితే చిరాకు. వాటిని విడి ఫైళ్లుగా ఇచ్చి, ఎఫ్‌మోడ్ అనే గేమ్ ఆడియో సాఫ్ట్‌వేర్‌లో యాదృచ్ఛికంగా మోగేలా పెట్టాలి.

శబ్ద మట్టానికి సోనీ గేమ్ ఆడియో సిఫార్సులు మంచి కొలత: టీవీకి మైనస్ 24 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి వినిపించే సగటు గట్టిదనానికి కొలత), చేతిలో పట్టుకునే పరికరాలకి మైనస్ 18. ఫోన్ స్పీకరులో పంటు ఇంజను అడుగు స్వరం వినపడదు. దానికి కొంచెం శాచురేషన్ (కావాలని పెట్టే కొద్దిపాటి వక్రీకరణ) వేస్తే పై హార్మోనిక్స్ వల్ల చెవి బేస్‌ని ఊహించుకుంటుంది.

టీము దొరికేదాకా ఆగకండి. గేమ్‌లు తయారుచేసే గోడో ఇంజను ఉచితం. దాని డెమో ప్రాజెక్టు ఒకటి తెరిచి మీ పొరలు పెట్టండి, 4.3 వెర్షన్ నుంచి పొరలు మార్చే సౌకర్యం ఇంజనులోనే ఉంది. ఆడుతూ స్క్రీన్ రికార్డు చేసి, ప్రమాదం వచ్చినప్పుడు సంగీతం మారే ఆ ఇరవై సెకన్లు చూపించండి. గేమ్ చేసేవాళ్లకి పది నిమిషాల ఆల్బమ్ కన్నా అదే నమ్మకం కలిగిస్తుంది. ఆ తర్వాత జనవరిలో వచ్చే గ్లోబల్ గేమ్ జామ్ (కొద్ది రోజుల్లోనే కలిసి గేమ్ కట్టే కార్యక్రమం), లేదా 72 గంటల లూడమ్ డేర్ జామ్‌లో చేరండి.

ఒక జాగ్రత్త. చప్పుళ్లు పంచుకునే ఫ్రీసౌండ్ సైటు నుంచి ఏదైనా తీసుకుంటే లైసెన్సు చూడండి, వాణిజ్యేతరం అని ఉన్నది అమ్మే గేమ్‌లో వాడకూడదు. జాతరలో రికార్డు చేసినప్పుడు వెనక మైక్ సెట్‌లో సినిమా పాట పడినా ఆ టేక్ పోయినట్టే. ప్రతి టేక్ మొదట్లో చోటు, తేదీ, మైకు దూరం నోటితో చెప్పి ఉంచండి. రాబోయే వానాకాలానికి మైకులన్నీ మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టుకోండి. మన ఉక్కపోతకి కండెన్సర్ మైకు చిటపటమనడం మొదలుపెడితే అది చప్పుడుదో మైకుదో తేల్చుకోలేరు.