రెండు కోణాలు కలిపితే 180, అయినా లీనియర్ పెయిర్ కాదా?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి, ఇంగ్లిష్ మీడియం. సప్లిమెంటరీ, లీనియర్ పెయిర్ ఒకటే అంటుంది. లెక్కల్లో ఎప్పుడు కలపాలో, ఎప్పుడు సమానం అనాలో తేలడం లేదు.
– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: సప్లిమెంటరీకి మొత్తం 180 డిగ్రీలైతే చాలు, ఒక కోణం ఈ పేజీలో, ఇంకొకటి ఆ పేజీలో ఉన్నా ఫర్వాలేదండీ. లీనియర్ పెయిర్‌కి మాత్రం శీర్షం ఒకటే కావాలి, మధ్య భుజం ఉమ్మడిగా ఉండాలి, బయటి భుజాలు రెండూ కలిసి సరళరేఖ కావాలి. స్కేలు పెట్టి చూడమనండి.

ఇక లెక్క. ఒక సరళరేఖ మీద (3x + 10), (2x + 20) పక్కపక్కన ఉన్నాయనుకోండి. కలిపితే 5x + 30 = 180, x = 30. చాలామంది పిల్లలు ఇక్కడే ఆపేస్తారు, మార్కు పోతుంది. అడిగింది కోణం కదా! 100, 80 అని రాయాలి. పొరపాటున సమానం చేస్తే x = 10 వస్తుంది, రెండు కోణాలూ 40. మొత్తం 80 మాత్రమే, సరళరేఖ ఎలా అవుతుంది? విలువలు తిరిగి బొమ్మలో వేసి చూస్తే తప్పు దానంతటదే బయటపడుతుంది.

సమానం అనేది రెండు రేఖలు ఖండించుకున్నచోట ఎదురెదురు కోణాలకు. ఏకాంతర కోణాలైతే (ఆల్టర్నేట్ యాంగిల్స్, అంటే రెండు రేఖలను మూడో రేఖ ఖండించినప్పుడు ఆ రెండింటి మధ్య, మూడో రేఖకు చెరోవైపు, వేర్వేరు ఖండన బిందువుల దగ్గర ఏర్పడేవి) సమానం అనే ముందు ఆ రెండు రేఖలు సమాంతరమని ఇచ్చారా, బాణం గుర్తులున్నాయా చూసుకోవాలి. కంటికి సమాంతరంగా కనబడితే సరిపోదు.