పిల్లలతో యాట్ విహారం: ఎక్కడికి, ఎప్పుడు, ఎలా?

ప్రశ్న: మాకు తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు ఉన్నారు. వచ్చే సెలవుల్లో యాట్ (విహార పడవ) అద్దెకు తీసుకుని ఉష్ణమండల దీవుల మధ్య ఒక వారం గడపాలనుకుంటున్నాము. మా దంపతులలో ఎవరికీ పడవ నడపడం రాదు. బ్రిటిష్ వర్జిన్ దీవులు, సీషెల్స్, థాయిలాండ్‌లోని ఫుకెట్, ఈ మూడింటిలో ఏది మేలు? వారంలో ఎన్ని దీవులు చూడవచ్చు? బాబు నీళ్లలో పడతాడేమోనన్న భయం నన్ను వదలడం లేదు. - ఒక పాఠకురాలు

జవాబు: దీవుల లెక్క గురించి మీరు మాట వరసకు అడిగి ఉండవచ్చు గానీ, పిల్లలతో వెళ్లేవారి ప్రయాణం ఎక్కువగా చెడేది అక్కడే. తెరచాప పడవ మామూలుగా గంటకు ఐదారు నాటికల్ మైళ్లు, అంటే సుమారు 10 కిలోమీటర్లు మాత్రమే పోతుంది. నాలుగేళ్ల పిల్లవాడి ఓపిక రెండు గంటలకు మించదు కనుక, రోజుకు పది పన్నెండు నాటికల్ మైళ్లు దాటకుండా, పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్న భోజనం వేళకు లంగరు వేసేలా చూసుకోండి. వారానికి నాలుగైదు మజిలీలు చాలు. బాగున్న చోట రెండు రాత్రులు ఉండిపోవడానికి సందేహించవద్దు. పిల్లలకు నచ్చేది ప్రయాణం కాదు, ఆగిన చోట ఈత, ఇసుక.

ఇక చోటు సంగతి మీ సెలవుల నెలను బట్టి తేలుతుంది. వర్జిన్ దీవుల్లో సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ చానెల్ అనే జలమార్గానికి రెండు వైపులా దీవులు ఉండడంతో పెద్ద అలలు లోపలికి అంతగా రావు, తరువాతి మజిలీ చాలాసార్లు కంటికి కనిపిస్తూనే ఉంటుంది. కానీ జూన్ నుంచి నవంబర్ వరకు తుఫానుల కాలం. 2017 సెప్టెంబరులో ఇర్మా తుఫాను ఆ దీవులను ఛిన్నాభిన్నం చేసింది. డిసెంబరు చివర గాలులు బలంగా వీస్తాయి కనుక ఫిబ్రవరి తరువాత, మే లోపు వెళ్లడం మంచిది. సీషెల్స్‌లోని మాహె, ప్రాలిన్ వంటి ప్రధాన దీవులు భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వలన తుఫానుల బెడద దాదాపు లేదు. అయితే మే నుంచి సెప్టెంబరు వరకు ఆగ్నేయ గాలులతో సముద్రం అలజడిగా ఉంటుంది, మాహె నుంచి ప్రాలిన్‌కు వెళ్లే దారి బహిరంగ సముద్రమే. ఏప్రిల్, అక్టోబరు నెలలు అక్కడ ప్రశాంతం. ఫుకెట్‌కు నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అనుకూలం. పక్కనే ఉన్న ఫాంగ్ నా అఖాతంలో సున్నపురాయి దీవుల చాటున నీళ్లు నిలకడగా ఉంటాయి. మీ సెలవులు డిసెంబరులో అయితే నా ఓటు ఫుకెట్‌కే. జూన్, ఆగస్టుల మధ్య అయితే మాత్రం, తొలిసారి పిల్లలతో వెళ్లడానికి ఈ మూడింటిలో ఏదీ వద్దంటాను.

పడవ నడపడం రానప్పుడు స్కిప్పర్, అంటే పడవ నడిపే నిపుణుడు, లేకుండా వెళ్లే మాటే లేదు. ఆయనకు ఒక క్యాబిన్ కేటాయించాలని గుర్తుంచుకోండి. పడవ విషయంలో కాటమరాన్ ఎంచుకోండి. దానికి రెండు అడుగుభాగాలు ఉండడం వలన పక్కకు అంతగా ఒరగదు, తక్కువ లోతులోనూ తేలుతుంది కనుక ఒడ్డుకు దగ్గరగా ఆగవచ్చు.

బాబు విషయంలో మీ భయం న్యాయమైనదే. పడవ చుట్టూ ఉండే కమ్మీలకు వల కట్టించమని ముందే అడగండి, కానీ వలను నమ్ముకుని కన్ను తిప్పుకోవద్దు. క్యాబిన్ గడప దాటితే లైఫ్ జాకెట్ ఉండాల్సిందే అన్న నియమం మొదటి గంట నుంచే పెట్టండి. గాలితో ఉబ్బేది కాకుండా, మెడ వెనుక ఎత్తుగా ఉండి కాళ్ల మధ్య నుంచి పట్టీ వచ్చే ఫోమ్ జాకెట్‌ను బాబు బరువుకు తగ్గట్టు కొని, మీ వెంట తీసుకువెళ్లండి. పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం, చెవులు జాకెట్‌లోకి కూరుకుపోతే అది పెద్దదైనట్టే. ముందు ఈతకొలనులో వేసి అలవాటు చేస్తే అక్కడ పేచీ ఉండదు.

పెద్దలు కూడా మరిచిపోయే ప్రమాదాలు రెండున్నాయి. జనరేటర్ గాని ఇంజిన్ గాని నడుస్తున్నంతసేపు పడవ వెనుక భాగంలో ఎవరూ ఈదకూడదు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. చిన్న మోటారు పడవ దగ్గరికి పిల్లలు ఈదుతూ వస్తే ముందు ఇంజిన్ ఆపాలి. వర్జిన్ దీవులకు వెళితే ఇంకొక మాట: కరీబియన్ తీరాల్లో మాంచినీల్ అనే చెట్టు ఉంటుంది, దాని చిన్న పచ్చని కాయలు విషం, వానలో దాని కింద నిలబడినా చర్మం బొబ్బలెక్కుతుంది. ఆ చెట్టు ఎలా ఉంటుందో చూపించమని స్కిప్పర్‌ను అడగండి.

రెండేళ్లు దాటిన పిల్లలకు పడవ కుదుపులకు తల తిప్పడం ఎక్కువ కనుక మందు గురించి బయలుదేరే ముందే పిల్లల వైద్యుణ్ణి అడగండి. ఎండకు పొడుగు చేతుల ఈత చొక్కా అన్నిటికంటే నమ్మకమైనది.

చివరగా, ఒప్పంద పత్రంలో స్కిప్పర్ జీతం, ఇంధనం, లంగరు రుసుములు అద్దెలో కలిసి ఉన్నాయా, డిపాజిట్ ఎంత, తుఫాను వలన రద్దయితే డబ్బు తిరిగి వస్తుందా అన్నవి చూసుకోండి. వల కట్టిస్తామన్న హామీ కూడా రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్సు పంపండి.